అంచున పుట్టి నడిబొడ్డుకు: 18వ శతాబ్దపు కోరమాండల్ తీరం, యూరప్ చదువు, బట్ట, శాస్త్రం – తరచుగా అడిగే ప్రశ్నలు

‘సామ్రాజ్యపు అంచు’ అంటున్నారు. ఎవరికి అంచు?

లండన్‌కూ పారిస్‌కూ అంచు. ఇక్కడి వాళ్లకు కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. పర్షియాకూ సుమత్రాలోని అచ్చేకూ ఓడలు అక్కడి నుంచే వెళ్లేవి. 18వ శతాబ్దం వచ్చేసరికి విశాఖపట్నం నుంచి నాగపట్నం దాకా నాలుగు యూరోపియన్ కంపెనీలు పక్కపక్కనే దుకాణాలు పెట్టుకున్నాయి. మద్రాసు, మచిలీపట్నం, విశాఖ ఇంగ్లిష్ వాళ్లవి. పుదుచ్చేరి, యానాం ఫ్రెంచి వాళ్లవి. పాలకొల్లు, జగన్నాథపురం, భీమునిపట్నం డచ్చి వాళ్లవి. తరంగంబాడి డేన్లది, అంటే డెన్మార్క్ వాళ్లది. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచి చేతికి వెళ్లాయి. 1759లో మచిలీపట్నం కోట పడిపోవడంతో ఇంగ్లిష్ వైపు మళ్లాయి. గుంటూరు మాత్రం 1788 దాకా ఇంగ్లిష్ కంపెనీకి దక్కలేదు.

ఈ పేజీలో మాట్లాడుతున్నది ఈ తీరం గురించే. దూరపు అంచు కాబట్టి ఇక్కడి నుంచి సరుకు మాత్రమే వెళ్లిందనీ, ఆలోచన అటు నుంచి ఇటు వచ్చిందనీ చాలామంది అనుకుంటారు. ఓడల్లో వెళ్లిన కాగితాలు చూస్తే ఆ లెక్క తప్పుతుంది.

మన చీటిగుడ్డలను, అంటే అద్దకం బట్టలను, యూరప్ నిజంగా నిషేధించిందా?

నిషేధించింది, అదీ దశాబ్దాల పాటు. ఫ్రాన్స్‌లో 1686 నుంచి 1759 వరకు అద్దకం బట్టల దిగుమతి, తయారీ, చివరికి కట్టుకోవడం కూడా నేరమే. ఇంగ్లండ్ 1700లో చట్టం చేసి అద్దిన బట్టల దిగుమతిని ఆపింది. వాటిని తెచ్చి మళ్లీ పైదేశాలకు అమ్ముకోవడానికి మాత్రం ఒప్పుకుంది. అది చాలలేదు. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్లు వీధుల్లో అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించేశారు. 1721 చట్టంతో కట్టుకోవడమే నిషిద్ధమైంది.

ఇంత గొడవకు కారణం సులువు. యూరప్‌లో అప్పటిదాకా రంగు బట్ట ఉతికితే వెలిసిపోయేది. ఇది ఉతికేకొద్దీ నిగారించేది.

ఆ రంగు నిలిచేదెలా? పని ఏ వరుసలో జరిగేది?

అందరూ తడబడేది ఇక్కడే. రంగును బట్ట మీద పూయరు. రంగును పట్టుకునే లవణాన్ని పూస్తారు. రంగు ఆ తర్వాత తొట్టిలో దానంతటదే ఆ చోట్లకు ఎక్కుతుంది. వరుస ఇది:

ముందు గుడ్డలోని గంజి పోయేదాకా ఉతికి, మేకపెంటిక నీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరబెట్టి తెల్లగా చేస్తారు. గంజి మిగిలితే తర్వాత మచ్చలు పడతాయి. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి పిండి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు నల్లరంగుకు కావాలి. పాలలోని కొవ్వు కలం గీత పాకకుండా ఆపుతుంది. ఆవుపాలతో సరిపెడితే కొవ్వు తక్కువై గీత అంచు చెదురుతుంది. ఆరిన గుడ్డను మడతపెట్టి చెక్క మీద పెట్టి దుడ్డుకర్రలతో కొడతారు. నున్నగా ఉంటేనే కలం జారుతుంది.

బొమ్మను కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో పొడుస్తారు. కాగితాన్ని గుడ్డ మీద పరిచి బొగ్గుపొడి మూటతో తడితే చుక్కలు దిగుతాయి. వాటి వెంట కలం నడుస్తుంది. నల్ల గీతలకు పులిసిన నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టిన ద్రవం వాడతారు. కరక్కాయ వగరు తగలగానే అది నల్లబడుతుంది. ఎర్ర గీతలకు పటిక నీళ్లు. పటికకు రంగు లేదు కాబట్టి ఎక్కడ గీశారో కనబడటానికి అందులో కాస్త వకంచెక్క రసం కలుపుతారు. ఉతికితే అది పోతుంది.

ఇప్పుడు చిరివేరు. తమిళ దేశంలో దీన్నే సాయవేరు అంటారు. తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క ఇది. రంగంతా సన్నని వేరు బెరడులోనే ఉంటుంది. నత్తగుల్లల సున్నం కలిసిన ఇసుకలో పెరిగిన వేరు మంచి ఎరుపునిస్తుంది. మచిలీపట్నం చుట్టుపక్కల ఎరుపుకు అంత పేరు రావడానికి ఇదొక కారణం. వేరుపొడి కలిపిన నీళ్లలో గుడ్డ వేసి మెల్లగా వేడి పెంచుతారు. పటిక తగిలిన చోట ఎరుపు కుదురుకుంటుంది, మిగతా చోట్ల లేత మరక పడుతుంది. ఆ మరకను మళ్లీ పెంటిక నీళ్లు, ఎండతో తీస్తారు.

నీలం పని వేరు. నీలిమందు లవణాన్ని ఆశ్రయించదు, దారాన్నంతా పట్టేస్తుంది. అందుకని నీలం వద్దనుకున్న చోటల్లా కరిగిన మైనం పూసి, గుడ్డను నీలి రంగరులకు ఇచ్చేవారు. తిరిగొచ్చాక మరిగే నీళ్లలో ముంచితే మైనం కరిగి పైకి తేలుతుంది. అప్పుడు రెండో విడత పటిక. చిక్కగా పూస్తే ముదురు ఎరుపు, పలుచగా పూస్తే గులాబీ, కాస్త ఇనుప నీళ్లు కలిపితే ఊదా. మళ్లీ చిరివేరు తొట్టి. చిట్టచివర పసుపు. ఆకుపచ్చ కావాలంటే నీలం మీదే పసుపు పూస్తారు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఇనుప నీళ్లు చిక్కనైతే గుడ్డను తినేస్తాయి. పాత గుడ్డల్లో నల్ల గీత ఉన్నచోటే సన్నగా చిరుగు కనబడేది అందుకే. పటికలో ఇనుము కల్తీ ఉంటే ఎరుపు మట్టి రంగుకు తిరుగుతుంది. వేడి ఒక్కసారిగా పెంచితే వేరులోని గోధుమ రంగు కూడా దిగి మొత్తం మసకబారుతుంది.

ఈ విద్య యూరప్‌కు ఎలా చేరింది?

అడిగి రాసుకుని. 1734 ప్రాంతంలో బొల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ఒక అద్దకం పనివాడి పక్కన కూర్చుని, పని ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా గుడ్డ ముక్క కత్తిరించి దాచాడు. 11 ముక్కలు. రాతప్రతితో పాటు అవి ఇప్పటికీ పారిస్‌లో ఉన్నాయి. 1742లో కేర్దూ అనే జెసూట్ (ఒక కాథలిక్ సంఘం) పాదిరి, క్రైస్తవం పుచ్చుకున్న అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకున్నదంతా ఉత్తరంగా రాశాడు. ఆ ఉత్తరం పారిస్‌లో అచ్చయింది. ఇప్పటి మాటలో చెప్పాలంటే అది పారిశ్రామిక గూఢచర్యమే, కాకపోతే మర్యాదగా జరిగింది.

అయినా వాళ్లు అచ్చంగా అలా చేయలేకపోయారు. చలిదేశంలో నీలి తొట్టిని వేడిగా ఉంచాలి. ఉంచితే మైనం కరుగుతుంది. దాంతో ఇంగ్లండ్‌లో హరిదళం, అంటే ఆర్సెనిక్ ఖనిజం, కలిపి నీలాన్ని నేరుగా కుంచెతో పూసే ఉపాయం కనిపెట్టారు. చిరివేరుకు బదులు వాళ్ల మంజిష్ఠ వాడారు. కలానికి బదులు అచ్చుదిమ్మె, దానికి తగ్గట్టు పటికను బంకతో చిక్కబరచడం. ఫ్రాన్స్ నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడు, 1760లో, ఒబెర్‌కాంఫ్ జూయీ ఊళ్లో కార్ఖానా పెట్టాడు. పారిశ్రామిక విప్లవం అనే పెద్ద మాట వెనక ఈ చీటిగుడ్డను కాపీ కొట్టలేని చిరాకు చాలానే ఉంది.

మ్యూజియంలో కోరమాండల్ గుడ్డను గుర్తుపట్టడం ఎలా?

ఆకులు చూడండి. నీలంగా ఉంటే అనుమానించాల్సిన పనిలేదు, ఒకప్పుడవి ఆకుపచ్చే. పైన పూసిన పసుపు నిలవలేదు, కింది నీలం మిగిలింది. తర్వాత ఒకే పువ్వు రెండుచోట్ల ఉంటే గీతలను పోల్చండి. అచ్చుదిమ్మెతో వేసినవి ఒకేలా ఉంటాయి, కలంతో గీసినవి ఉండవు. నీలం అంచుల్లో వెంట్రుకంత సన్నని నీలి చారలు కనబడితే అవి మైనం పగిలిన చోట్లు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఫ్రాన్స్‌లోని ముల్హౌస్‌లోనూ మంచి నమూనాలున్నాయి.

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఏం చేశాడు?

స్కాట్లండ్ నుంచి కంపెనీ వైద్యుడిగా 1776లో మద్రాసు వచ్చిన విలియం రాక్స్‌బర్గ్, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. తోట వేశాడు, రాజమండ్రి కొండల అడవి మిరియాలు తెచ్చి నాటాడు, చెరుకు నుంచి బెల్లం, పంచదార ఇక్కడెలా చేస్తారో రాశాడు, వాన లెక్కలు పెట్టాడు. అంతకన్నా ముఖ్యం, స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టి మొక్కలను నిజ పరిమాణంలో గీయించాడు. అందులోంచి ఎంచిన 300 బొమ్మలు కోరమాండల్ తీరపు మొక్కలన్న పేరుతో 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి.

బొమ్మల పక్కన రాసిన దాంట్లో సగం ఊళ్లో జనం చెప్పినదే. ఉదాహరణకు ఇందుప, అంటే చిల్లగింజ. మట్టి కుండ లోపలి గోడకు ఈ గింజను ఒకటి రెండు నిమిషాలు అరగదీసి, బురద నీళ్లు పోసి కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగి తేటనీరు పైన నిలుస్తుంది. రాక్స్‌బర్గ్ దీన్ని రాయడమే కాదు, యుద్ధానికి వెళ్లే సైనికులు కూడా వెంట తీసుకెళ్లేవారని చెప్పాడు.

సోమిద చెట్టు బెరడు ఇంకో కథ. జ్వరానికి పెరూ నుంచి వచ్చే సింకోనా బెరడు ఖరీదు. దానికి బదులుగా పనికొస్తుందని ఆయన సోమిద బెరడును ఎడింబరో పంపాడు. 1794లో అక్కడి వైద్య విద్యార్థి ఒకరు దాని మీదే సిద్ధాంత వ్యాసం రాశారు. సింకోనా స్థానాన్ని అది తీసుకోలేకపోయింది గానీ, చెట్టు శాస్త్రీయ నామంలో ‘సోయ్‌మిడా’ అని తెలుగు మాట ఉండిపోయింది.

రాక్స్‌బర్గ్‌కు ముందే, మొక్కల వర్గీకరణ పద్ధతి పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడైన జర్మన్ కోనిగ్ తరంగంబాడి వచ్చి తీరమంతా తిరిగాడు. 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయన కాగితాలు లండన్‌లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. అలా స్వీడన్ వర్గీకరణ పద్ధతి మన తీరానికి ముందుగా వచ్చింది డేన్ల ఓడలో, జర్మన్ల చేతుల మీదుగా.

పాములకూ చేపలకూ తెలుగు శాస్త్రీయ నామాలున్నాయంటారు. నిజమేనా?

నిజమే, దీనికి విశాఖపట్నమే మూలం. అలెప్పోలో ప్లేగు వైద్యం చేసి వచ్చిన పాట్రిక్ రస్సెల్ 1781 నుంచి 1789 దాకా ఇక్కడే ఉన్నాడు. పాములను పట్టించి, బొమ్మలు వేయించి, ప్రతిదాని పక్కన జనం పిలిచే పేరు రాశాడు. పుస్తకం 1796లో వచ్చింది. అందులో ‘బంగారం పాము’ అని పసుపు పట్టీలున్న పాము ఒకటుంది. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ ఆ మాటనే లాటిన్ చేసి ‘బంగారస్’ అనే ప్రజాతిని పెట్టాడు. ఇప్పుడు మన కట్లపాము కూడా ఆ ప్రజాతిదే. ఒంటి మీద వీసమెత్తు పసుపు లేని నల్లపాము పేరులో బంగారం చేరింది అలాగే. రస్సెల్ ‘కాటుక రేకుల పొడ’ అని రాసుకున్న పాము మాత్రం ఇంగ్లిష్‌లో ఆయన పేరునే మోస్తోంది. మనం రక్తపింజర అంటాం.

ఆయన ఊరికే బొమ్మలు వేయించలేదు. కోళ్లనూ కుక్కలనూ కరిపించి ఎంతసేపటికి చస్తున్నాయో లెక్కపెట్టాడు. పాముకాటుకు అప్పట్లో ఎంతో పేరున్న, ఆర్సెనిక్ కలిసిన తంజావూరు మాత్రను కూడా అలాగే పరీక్షకు పెట్టాడు. ఈ పరీక్షల్లో కోళ్లు, కుక్కలు ఎన్ని పోయాయో చదువుతుంటే ఇప్పటి పాఠకుడికి ఇబ్బందిగానే ఉంటుంది.

1803లో వచ్చిన 200 చేపల పుస్తకం ఇంకా ముచ్చటైనది. విశాఖ రేవులో బెస్తవాళ్లు చెప్పిన పేర్లే అందులో శీర్షికలు: నల్ల చందువ, తెల్ల చందువ, కొమ్ము సొర. ముట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కించే చేపకు ‘తిమిరి’. తర్వాత తరం యూరప్ శాస్త్రవేత్తలు వీటినే ఉదహరించారు. ఒక సొరచేప నేటికీ ‘కార్కారినస్ సొర్రా’గానే ఉంది.

ఆ పుస్తకాల్లో తెలుగు పేర్లు అంతుచిక్కడం లేదు. చదవడం ఎలా?

అవి ఇంగ్లిష్ చెవి విన్న తెలుగు. ముందు పేరును గట్టిగా, ఇంగ్లిష్ ఉచ్చారణతో పలకండి. ‘యు’ అక్షరం చాలాచోట్ల మన ‘అ’ అవుతుంది, బంగారంలో మొదటి అక్షరం అదే. రెండు ‘ఈ’లు వస్తే ఇ లేదా ఈ. రెండు ‘ఓ’లు వస్తే ఉ లేదా ఊ. ‘డబ్ల్యూ’ అంటే వ. చివరి ‘హెచ్’ను వదిలేయండి. ‘ఎస్’ దగ్గర ఆగి, ‘చ’ పెట్టి చూడండి, చందువ అక్కడే దాక్కుంది. ళ, ల తేడా, హ్రస్వ దీర్ఘాల తేడా వాళ్లు పట్టించుకోలేదు. చివరికి బొమ్మతో సరిచూసుకోండి. నిఘంటువులో దొరకనంత మాత్రాన తప్పనుకోవద్దు, ఉత్తరాంధ్ర రేవుల్లో అడిగితే దొరకవచ్చు.

నరసాపురం పట్టికలు అంటే ఏమిటి?

గ్రహగతులు లెక్కకట్టే సంఖ్యల పట్టికలు. జెసూట్ పాదిరులు ఇక్కడి పంచాంగకర్తల దగ్గర సంపాదించి పారిస్ పంపారు. కృష్ణాపురం పట్టికలు 1750లో వెళ్లాయి, వాటి లెక్క 1491 మార్చి నుంచి మొదలవుతుంది. నరసాపురం పేరుతో ఉన్నవి 1569 నుంచి. 1787లో బయీ అనే ఫ్రెంచి ఖగోళవేత్త వీటి మీద పెద్ద గ్రంథమే రాశాడు. 1790లో ఎడింబరోలో గణితవేత్త ప్లేఫెయిర్ ఆ చర్చను అందుకున్నాడు.

బయీ ఒకచోట కాలు జారాడు. కలియుగారంభమైన క్రీ.పూ. 3102లో ఎవరో నిజంగా ఆకాశం చూసి రాసుకున్నారని నమ్మాడు. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఒప్పుకోలేదు. తర్వాతి కాలపు గతులతో వెనక్కి లెక్కవేసి పెట్టిన ఆరంభబిందువు అది అన్నాడు. ఇప్పుడు చరిత్రకారులు చెప్పేదీ అదే. మన వాళ్ల లెక్క గొప్పదని చెప్పడానికి బయీ పొరపాటును సాక్ష్యంగా తెచ్చే వ్యాసాలు ఇప్పటికీ కనబడతాయి. అవసరం లేదు, అంతకన్నా మంచి సాక్ష్యం ఉంది.

అదేమిటంటే, 1765 ఆగస్టు 30 చంద్రగ్రహణం. తమిళ పంచాంగ పద్ధతిలో కట్టిన గ్రహణకాలం 41 సెకన్లు తగ్గిందనీ, యూరప్‌లో శ్రేష్ఠమనుకున్న మేయర్ పట్టికలతో కట్టింది 68 సెకన్లు పెరిగిందనీ ఫ్రెంచి ఖగోళవేత్త లె జాంతీ స్వయంగా రాశాడు. లెక్క చేసినవాళ్లు గవ్వలు పేర్చి, సూత్రాలు నోటికి చెప్పుకుంటూ చేసేవారు.

ఇంత జరిగాక 1792లో మద్రాసు నుంగంబాక్కంలో కంపెనీ వేధశాల కట్టి, రాతి స్తంభం మీద లాటిన్, తమిళం, తెలుగు, హిందూస్థానీల్లో శాసనం వేయించింది. ఆసియాలో గణిత శాస్త్రాలు బ్రిటిష్ వారి ఉదారత వల్ల తొలిసారి నాటుకున్న సంగతి వెయ్యేళ్ల తర్వాతి వారికి తెలియాలని!

లె జాంతీ అంటే శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూడాలని ఏళ్లు కాచుకుని చూడలేకపోయిన మనిషేనా?

ఆయనే. 1761లో ఆయన ఓడ చేరేలోపే పుదుచ్చేరి ఇంగ్లిష్ చేతిలో పడింది, నడిసముద్రంలోంచి చూడాల్సి వచ్చింది. ఊగే ఓడలో కొలతలు పనికిరావు. 1769 దాకా ఆగాడు, ఆ ఉదయం పుదుచ్చేరిలో మబ్బు పట్టింది. ఆ మధ్యకాలంలో నేర్చుకున్న మన ఖగోళ గణితమే చివరికి ఆయనకు దక్కిన ఫలం.

సంస్కృతం, లాటిన్ చుట్టాలని కనిపెట్టింది విలియం జోన్స్ కాదా?

కలకత్తాలో ఇంగ్లిష్ జడ్జిగా ఉన్న జోన్స్ ఆ మాట చెప్పింది 1786లో. చీటిగుడ్డ ఉత్తరం రాసిన కేర్దూ పాదిరే 1767లో దానం–దోనుం, విధవా–విదువా వంటి జంటలు పేర్చి, ఈ పోలికకు ఉమ్మడి పుట్టుక కారణం కావచ్చునని పారిస్ అకాడమీకి రాశాడు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చిన మనిషి ఆయన. అకాడమీ ఆ ఉత్తరాన్ని అచ్చువేసింది 1808లో. అప్పటికి పేరు జోన్స్‌కు వెళ్లిపోయింది.

ఫ్రెంచి రచయిత వోల్టేర్ నమ్మి మోసపోయిన ‘వేదం’ ఏది?

‘ఎజూర్‌వేదం’ అనే ఫ్రెంచి రాతప్రతి. పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక అధికారి 1760లో వోల్టేర్‌కు ఇచ్చాడు. బైబిల్ కన్నా పాతదని ఆయన పొంగిపోయి, రాజుగారి గ్రంథాలయానికి సమర్పించి, తన రచనల్లో వాడుకున్నాడు. తీరా చూస్తే అది హిందువులను క్రైస్తవం వైపు నెమ్మదిగా తిప్పడానికి జెసూట్లే రాసుకున్న పుస్తకం. పాదిరులను జీవితమంతా తిట్టిన మనిషి పాదిరుల రాతతోనే చర్చిని కొట్టాడు. గుట్టు విప్పినవాడు మద్రాసు ఉద్యోగి ఎల్లిస్. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాల కుటుంబానిదని 1816లో చెప్పినవాడూ ఆయనే.

తొలి తెలుగు అచ్చు పుస్తకం ఎక్కడ వచ్చింది?

జర్మనీలోని హాలె పట్టణంలో, 1746లో. మద్రాసులో తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అక్షరాలు పోత పోయించాడు. క్రైస్తవ ధర్మ పుస్తకాలే.

ఇంగ్లండ్ బడులకు ‘మద్రాసు పద్ధతి’ అని పేరెందుకు వచ్చింది?

ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని 1789 నుంచి నడిపిన ఆండ్రూ బెల్, వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలోనూ ఇసుక పరిపించాడు. ఉపాధ్యాయులు కుదరదన్నారు. అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ పని అప్పగిస్తే చక్కగా కుదిరింది. కాస్త వచ్చినవాడు రానివాడికి చెప్పడం మన వీధిబడికి మామూలే. 1797లో బెల్ దీన్ని లండన్‌లో పుస్తకంగా వేశాక, ఒక పంతులుతో వందలమందికి చదువు చెప్పవచ్చన్న ఆశ పుట్టి వేల బడులు ఆ దారి పట్టాయి. కాగితం, సిరా ఖర్చు మిగలడం ఇంకో ఆకర్షణ. నష్టం కూడా ఉంది: పెద్ద తరగతుల్లో అది చదువు కన్నా కవాతుగా మారింది. మన అరుగు మీది బడిలో పిల్లలు కొద్దిమందే కాబట్టి ఆ బాధ ఉండేది కాదు.

వీళ్లకు చెప్పిన మన వాళ్ల పేర్లేవి?

కొద్దిగానే మిగిలాయి. పుదుచ్చేరి దుబాసీ మరిదాస్ పిళ్లై భాగవతాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య కంపెనీ సర్వేయరు మెకంజీ దగ్గర శాసనాలు చదివి 1803లో ఇరవయ్యేడేళ్లకే పోయాడు. రాక్స్‌బర్గ్ చిత్రకారుల పేర్లు పుస్తకం మీద లేవు. బొల్యూకు 11 మెట్లు చూపిన పనివాడి పేరూ లేదు. వాళ్లు కూలి లెక్కల్లో ‘రంగరి’, ‘చిత్రకారుడు’ అని పడ్డారు, అంతే. బెస్తవాళ్లు మాత్రం తమ పేర్లు కాకపోయినా చేపల పేర్లు నిలబెట్టుకున్నారు.

ఆస్ట్రేలియా ‘బాండికూట్’ తెలుగు మాటేనా?

అవును, పందికొక్కు. మన ధాన్యపు గాదెల ఎలుక పేరు ఇంగ్లిష్ వాళ్ల నోట పడి, ఓడెక్కి వెళ్లి, అక్కడ పొట్టసంచి ఉన్న వేరే జంతువుకు తగులుకుంది. రెంటికీ చుట్టరికం లేదు. మూతి ఒకటే కాస్త కలుస్తుంది.